ఎస్‌జీపీటీ 92 నుంచి 34కి దిగింది, ఫైబ్రోస్కాన్ మాత్రం 13.8 అంటోంది. ఏది నమ్మాలి?

మియాపూర్_మెట్రో
నాన్నకి 61. షుగర్ పద్నాలుగేళ్లుగా ఉంది. మందు ముట్టరు. నాలుగేళ్ల కిందట చెకప్‌లో లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 92, ఎస్‌జీఓటీ 61 వచ్చాయి. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2. "ఈ వయసులో అందరికీ ఉండేదే, నూనె తగ్గించండి" అని పంపించేశారు. మేమూ వదిలేశాం. ఈ నెల మళ్లీ చేయిస్తే ఎస్‌జీపీటీ 34, ఎస్‌జీఓటీ 48. ఇంట్లో పండగే. అమ్మ ఆ రిపోర్టు దేవుడి దగ్గర పెట్టింది. కొత్త డాక్టరుగారు మాత్రం రిపోర్టు రెండోసారి చూసి, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ రాశారు. 13.8 కిలోపాస్కల్ వచ్చింది. లివర్ నార కట్టింది, సిరోసిస్ (నారతో లివర్ మొత్తం గట్టిపడే దశ) అంచున ఉందన్నారు. ఎంజైములు తగ్గితే జబ్బు తగ్గినట్టు కాదా? నాలుగేళ్లూ ఎవరూ ఒక్క మాట చెప్పలేదే. ఒళ్లు మండిపోతోంది.

ఉప్పల్‌బావ
మందు ముట్టరు అంటే ఏ మందు అన్నా? షుగర్ మందు గూడ ముట్టరా?

మియాపూర్_మెట్రో
@ఉప్పల్‌బావ షుగర్ మందు గుర్తుంటే వేసుకుంటారు. రెండో మందు అసలు లేదు.

నైట్‌షిఫ్ట్_నవీన్
మెషీన్ తప్పయ్యుంటుంది. రక్తపరీక్ష నమ్మండి, అది కెమిస్ట్రీ. ఫైబ్రోస్కాన్ అంటే పక్కటెముకల మీద టక్కుటక్కుమని కొట్టడమే కదా.

సగం_డాక్టర్
@నైట్‌షిఫ్ట్_నవీన్ ఆ టక్కుటక్కులో పుట్టే అల లివర్‌లో ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు. గట్టిపడ్డ లివర్‌లో వేగంగా పోతుంది. అదీ కెమిస్ట్రీ కాదు గానీ ఫిజిక్సే, జ్యోతిష్యం కాదు.

మెట్రో గారూ, మూడు విషయాలు చెప్పండి. రెండు రిపోర్టుల్లోనూ ప్లేట్‌లెట్లు ఎంత? హెపటైటిస్ బి, సి పరీక్షలు చేశారా? ఫైబ్రోస్కాన్‌కి ఖాళీ కడుపుతో వెళ్లారా?

మియాపూర్_మెట్రో
ప్లేట్‌లెట్లు అప్పుడు 2.1 లక్షలు, ఇప్పుడు 1.32 లక్షలు. బి, సి రెండూ నెగటివ్. కడుపు... స్కాన్‌కి ముందు కింద క్యాంటీన్‌లో ఇడ్లీ, వడ, ఫిల్టర్ కాఫీ. నేనే తినిపించాను.

సగం_డాక్టర్
వడ సంగతి తర్వాత. ఎస్‌జీపీటీ ఒక్కటే చూసి పండగ చేసుకున్నారు గానీ, డాక్టరుగారు రెండోసారి చూసింది ప్లేట్‌లెట్లే అయ్యుంటుంది. ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, 2006లో వచ్చింది. వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి. దాన్ని, ప్లేట్‌లెట్లని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణిస్తే వచ్చినదానితో భాగించండి. 1.3 కంటే తక్కువొస్తే నార ముదిరి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో వస్తే ఇంకో పరీక్ష.

నైట్‌షిఫ్ట్_నవీన్
చేశాను. 61 ఇంటూ 48, కింద 1.32 ఇంటూ 5.83. 380 వచ్చింది!! ఆయన నడుస్తున్నారా?

ఉప్పల్‌బావ
380 అంటే లివర్ గాదు తమ్మీ, గోల్కొండ గోడ.

సగం_డాక్టర్
ప్లేట్‌లెట్లు లక్షల్లో కాదు, వేలల్లో వేయాలి. 1.32 కాదు, 132. అప్పుడు 3.8. నాలుగేళ్ల కిందటి అంకెలతో: 57 ఇంటూ 61, కింద 210 ఇంటూ 9.59. సుమారు 1.73. ఎస్‌జీపీటీ తగ్గుతూ ఉంటే ఇది రెట్టింపయింది. మొదటిసారే 1.3 దాటింది, అప్పుడే ఫైబ్రోస్కాన్ రాయాల్సింది. అన్నీ ఆ పాత రిపోర్టులోనే ఉన్నాయి, పైసా ఖర్చు లేని లెక్క.

మియాపూర్_మెట్రో
ఇప్పుడింకా మండుతోంది. కానీ సార్, నాకు బుర్రకెక్కనిది అదే. లివర్ పాడైతే ఎంజైమ్ పెరగాలి. ఇంకా పాడైతే ఇంకా పెరగాలి. తగ్గడమేంటి?

వనస్థలి_వదిన
మంచినీళ్ల పైపు లీకు ఆగిందనుకోండి. రిపేరయినా ఆగుతుంది, సంపులో నీళ్లయిపోయినా ఆగుతుంది. మా కాలనీలో ఎండాకాలం లీకులన్నీ వాటంతటవే నయమైపోతాయి.

ల్యాబ్‌కోటు_లచ్చి
వదినగారి పైపుకి నా దండం. పన్నెండేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నా, ఇంత బాగా ఎవరికీ చెప్పలేకపోయా.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ఇప్పటి పేర్లు ఏఎల్‌టీ, ఏఎస్‌టీ. ఇవి లివర్ కణం లోపల పనిచేసుకోవాల్సినవి, రక్తంలో వీటికి పనేం లేదు. కణం దెబ్బ తింటే బయటికి కారుతాయి. మేం కొలిచేది ఆ కారినదాన్ని. కారడానికి కణాలే తక్కువ మిగిలితే అంకె కూడా తగ్గుతుంది. ఇంకో సంగతి, మేం ఎంజైమ్ ఎంత ఉందో తూకం వేయం, ఎంత పని చేస్తోందో చూస్తాం. సీరంలో అలనైన్ అనే అమైనో ఆమ్లం పోస్తే ఏఎల్‌టీ దాన్ని పైరువేట్‌గా మారుస్తుంది. ఆ పైరువేట్ ఇంకో చర్యలో ఎన్ఏడీహెచ్ అనే పదార్థాన్ని ఖర్చు పెట్టిస్తుంది. 340 నానోమీటర్ల కాంతిలో ఎన్ఏడీహెచ్ నిమిషానికి ఎంత తగ్గుతోందో మెషీన్ చూసి యూనిట్లలో రాస్తుంది. అంటే మీ నాన్నగారి 34 అనేది వేగం, రాశి కాదు.

ఈ ఎంజైములు పనిచేయాలంటే విటమిన్ బి6 నుంచి వచ్చే ఒక తోడు కావాలి. బాగా తాగేవాళ్లలో బి6 తక్కువ. కిట్‌లో ఆ తోడు కలపకపోతే ఎంజైమ్ ఉన్నా పని చేయదు, ఏఎల్‌టీ తక్కువ చూపిస్తుంది. తాగేవాళ్లలో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు పైన కనిపించడానికి ఇదొక కారణం.

ఇంకా చెప్పాలా? మే నెల మధ్యాహ్నం సేకరించే అబ్బాయి బండి సంచిలో ట్యూబు ఎగిరెగిరి వచ్చిందనుకోండి. సెంట్రిఫ్యూజ్ తిప్పాక సీరం లేత గడ్డిరంగులో ఉండాలి, రోజ్‌మిల్క్‌లా వస్తుంది. ఎర్రకణాలు పగిలాయన్నమాట. వాటిలోనూ ఏఎస్‌టీ ఉంటుంది, అంకె పెరుగుతుంది. నేను వెనక్కి పంపిస్తాను. అందరూ పంపరు.

ఉప్పల్‌బావ
ఇగ రోజ్‌మిల్క్ తాగినట్టే.

జిమ్_జంగయ్య
నాకు పోయినేడు ఎస్‌జీఓటీ 140, ఎస్‌జీపీటీ 88. ఇంట్ల ఏడుపులు, పెండ్లి సంబంధం గూడ ఆగింది. తీరా చూస్తే ముందురోజు డెడ్‌లిఫ్ట్ కొట్టిన. సీకే అని ఇంకో పరీక్ష చేస్తే అది వేలల్ల వచ్చింది. కండల నుంచి వచ్చిందంట. వారం జిమ్ బంద్ చేసి మళ్ల చేయిస్తే రెండూ దిగినయ్.

ల్యాబ్‌కోటు_లచ్చి
@జిమ్_జంగయ్య జీజీటీ (ఇంకో లివర్ ఎంజైమ్) మామూలుగానే ఉండి ఉంటుందే? అది కండల్లో నుంచి రాదు. రక్తం ఇచ్చే వారం బరువులెత్తొద్దని రోజూ చెప్తూనే ఉంటాం.

జిమ్_జంగయ్య
అవు, జీజీటీ నార్మలే. సంబంధం మాత్రం తిరిగి రాలే.

ఎలుకల_కాపరి
తార్నాక వైపు ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ, నాలుగో ఏడు. రోజూ చూసేది ఇదే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, భరించండి.

లివర్ కణాలన్నీ ఒకే పని చేయవు. రక్తం లోపలికొచ్చే గుమ్మం దగ్గరున్న కణాల్లో అమ్మోనియాని యూరియాగా మార్చే ఎంజైములు ఎక్కువ. రక్తం బయటికి పోయే సిర చుట్టూ ఉన్న కణాల్లో మందుల్ని, విషాల్ని విరగ్గొట్టే సైటోక్రోమ్ పి450 కుటుంబం ఎక్కువ. ఎలుకలో ఫైబ్రోసిస్, అంటే ఈ నార కట్టడం, తెప్పించడానికి మేం కార్బన్ టెట్రాక్లోరైడ్‌ని ఆలివ్ నూనెలో కలిపి వారానికి రెండుసార్లు ఇస్తాం. నూనె తగలగానే గుమ్మం దగ్గర కణాలకి పెద్దగా ఏమీ కాదు. సిర చుట్టూ ఉన్నవే చస్తాయి. ఎందుకంటే సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ అక్కడే ఎక్కువ, ఆ రసాయనాన్ని అసలు విషంగా మార్చేది అదే. కాపలా పెట్టుకున్నవాడే తలుపు తీసినట్టు.

ఏఎల్‌టీ ఆ ఒకటి రెండు రోజుల్లో వేలల్లోకి పోతుంది. ఇవ్వడం ఆపేస్తే వారంలో మామూలుకొస్తుంది. అదే ఎలుక లివర్ ముక్క మీద సిరియస్ రెడ్ రంగు వేసి చూస్తే ఎర్ర నారలు వలలా అలాగే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేనూ మెట్రో గారిలాగే గైడ్‌ని అడిగాను, ఏఎల్‌టీ తగ్గిందిగా మేడమ్ అని. ఆవిడ మాట్లాడకుండా బ్లేడు చేతికిచ్చి రెండు లివర్లు కోయమన్నారు. బాగున్నది జున్నులా తెగింది. రెండోది బ్లేడుకి గరగరా తగిలింది. ఆ గరగర ఏ రక్తపరీక్షలోనూ రాదు.

సగంబిర్యానీ
ఇవాళ ఆదివారం, ప్లేట్లో కలేజీ ఫ్రై ఉంది, ఇప్పుడే ఈ పోస్టు చదవాల్సొచ్చింది.

ఉప్పల్‌బావ
గరగర అంటుందా లేదా చూస్కో తమ్మీ, అన్నట్టయితే దుకాణపాయనకు వాపస్ ఇయ్యి.

మియాపూర్_మెట్రో
@ఎలుకల_కాపరి ఆ నార ఎక్కడి నుంచి వస్తుంది? కొవ్వే గడ్డకట్టి నార అవుతుందా?

ఎలుకల_కాపరి
కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. నార అంటే కొలాజెన్, ప్రోటీన్. దాన్ని నేసేది లివర్ పనిచేసే కణాలు కావు, వాటి పక్క సందులో ఉండే స్టెల్లేట్ కణాలు. కుఫ్ఫర్ 1876లోనే వీటిని చూసి రాశాడు. మామూలప్పుడు ఇవి పరమ సోమరులు. విటమిన్ ఏ చుక్కల్ని పొట్టలో దాచుకుని కూర్చుంటాయి. మైక్రోస్కోప్‌లో అతినీలలోహిత కాంతి వేస్తే ఆ చుక్కలు నీలిపచ్చగా మెరిసి, మనం ఫోటో తీసేలోపు ఆరిపోతాయి. చుట్టూ కణాలు చచ్చి, టీజీఎఫ్-బీటా లాంటి కబుర్లు అందితే ఆ విటమిన్ ఏ పారేసి, రూపం మార్చుకుని కొలాజెన్ నేయడం మొదలుపెడతాయి. పుండు మానాలంటే కొంత నేయాల్సిందే. ఏళ్ల తరబడి ఆపకుండా నేస్తేనే చిక్కు.

ఇక్కడా ఎంజైములే. కొలాజెన్ పోగు నిలబడాలంటే ప్రోలైల్ హైడ్రాక్సిలేజ్ కావాలి, దానికి విటమిన్ సి కావాలి. పోగుల్ని అడ్డంగా కుట్టి గట్టి చేసేది లైసైల్ ఆక్సిడేజ్, దానికి రాగి కావాలి. నేసినదాన్ని కోసి పారేయడానికీ ఎంజైములున్నాయి, ఎంఎంపీలంటారు. ఫైబ్రోసిస్‌లో ఈ కత్తెరలు మాయమవ్వవు. వాటి నోరు కట్టేసే టింప్-1 పెరుగుతుంది. కత్తెర ఉంటుంది, తెరుచుకోదు.

నైట్‌షిఫ్ట్_నవీన్
అయితే విటమిన్ సి మానేస్తే నార ఆగిపోతుందిగా?

ఎలుకల_కాపరి
ఆగుతుంది, దాంతోపాటు చిగుళ్లు కారతాయి, పళ్లు ఊడతాయి, పాత గాయాలు విచ్చుకుంటాయి. దాన్నే స్కర్వీ అంటారు. కొలాజెన్ లివర్ ఒక్కదాని సొత్తు కాదు. కుట్టేవాడినైనా ఆపుదామని లైసైల్ ఆక్సిడేజ్ కుటుంబంలో ఒకదాని మీద సిమ్‌టుజుమాబ్ అనే మందు చేశారు. మనుషుల మీద పనిచేయలేదు.

నేలఉసిరి_ఫ్యాన్
ఇంత చదువు చదివి మన పెరట్లో మొక్క మాత్రం కనిపించదు మీకు. మా తాత కామెర్లకి నేల ఉసిరి పసరు ఇచ్చేవాడు. మూడు ఆదివారాలు, ఉప్పు లేని పత్యం. ఊరు ఊరంతా బాగయ్యారు. ఫైబ్రోస్కాన్ ఎక్కడిది అప్పుడు?

సగం_డాక్టర్
మీ తాతగారి దగ్గరికొచ్చిన కామెర్లలో ఎక్కువ హెపటైటిస్ ఏ, ఈ అయ్యుంటాయి, నీళ్ల వల్ల వచ్చేవి. దాదాపు అందరికీ కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు ఇచ్చినా, ఇవ్వకపోయినా, పసరు పేరు చెప్పినా. మెట్రో గారి నాన్నది ఆ జబ్బు కాదు.

నేలఉసిరి_ఫ్యాన్
ఏది పనిచేసినా "వాటంతటవే" అంటారు. మీ మాత్రకి తగ్గితే మాత్రం మాత్ర గొప్ప.

వనస్థలి_వదిన
పసరు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. కరోనా టైములో మా చిన్నాడపడుచు తిప్పతీగ కషాయం రోజూ తాగింది, నాలుగు నెలలు. కళ్లు పచ్చబడ్డాయి, ఎస్‌జీపీటీ 900 దాటింది. మానేశాక రెండు నెలలకి తగ్గింది. ముంబైలో డాక్టర్లు ఇలాంటివే చూసి 2021లో రాశారట, మా డాక్టరమ్మ చూపించింది. పెరట్లోది కాబట్టి ఏమీ చేయదనుకోకండి. పనిచేసేది ఏదైనా లివర్ గుండానే పోవాలిగా.

ల్యాబ్‌కోటు_లచ్చి
నేల ఉసిరి గారూ, కోపం తెచ్చుకోకండి. ఇంగ్లీషు మందులకీ ఇదే వర్తిస్తుంది. సోరియాసిస్‌కి, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి లివర్ నార కడుతుంది. అందుకే వాళ్లకి ఎల్ఎఫ్‌టీ (ఎస్‌జీపీటీ లాంటివన్నీ ఉండే లివర్ రక్తపరీక్ష) మళ్లీ మళ్లీ రాస్తారు. ఆ మందు పుట్టింది మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల్లో. మనవాడిదని మేం మినహాయింపు ఇవ్వం.

నేలఉసిరి_ఫ్యాన్
సుబ్బారావు గారి పేరు చెప్పి గెలిచారు. సరే.

మోడరేటర్
పసరు మీద చర్చకి వేరే త్రెడ్ ఉంది, 212 పోస్టులు, అక్కడ ఇంకా కొట్టుకుంటున్నారు. ఇక్కడ ఎవరికీ మందు, మోతాదు సూచించొద్దు.

నైట్‌షిఫ్ట్_నవీన్
నేనూ చేయించుకోవాలా ఏంటి? వయసు 33, బరువు 91, పని రాత్రి, తిండి తెల్లారగట్ల మూడింటికి. మన ఊళ్లో ఐటీ వాళ్లలో 84 శాతానికి ఫ్యాటీ లివర్ అని పార్లమెంటులో కూడా అన్నారుగా.

సగం_డాక్టర్
ఆ అధ్యయనం 2025లో వచ్చింది. చూసింది 345 మందిని. కాబట్టి "ఐటీ వాళ్లందరిలో 84 శాతం" అని అనేయకండి, వాళ్లలో 84 శాతం. అయినా చిన్న అంకె కాదులే. కొవ్వు ఉన్నవాళ్లందరికీ నార కట్టదు, కొందరికే. ఆ కొందరెవరో పట్టుకోవడమే పని. ఇంకోటి, 35 లోపు వాళ్లకి ఫిబ్-4 సరిగ్గా పలకదు. నీకు 0.6 వచ్చిందని బిర్యానీ ఆర్డర్ పెట్టకు.

సగంబిర్యానీ
నన్ను లాగొద్దు.

మియాపూర్_మెట్రో
మళ్లీ నా మొదటి ప్రశ్నకొస్తా. వదినగారి సంపు ఖాళీ లెక్క నాకర్థమైంది. కానీ నాన్నకి 34 ఉండి, ఎస్‌జీఓటీ మాత్రం 48 ఎందుకు? అప్పుడు 92కి 61, ఇప్పుడు 34కి 48. తలకిందులైంది.

ఎలుకల_కాపరి
బాగా పట్టారు. ఆ తలకిందులే అసలు కథ. రెండింటి నిష్పత్తిని 1957లో ఇటలీ ఆయన డి రిటిస్ చెప్పాడు, ఆయన పేరుతోనే ఉంది. మీ నాన్నగారికి 0.66 నుంచి 1.41కి పోయింది.

ఏఎల్‌టీ ఎక్కువగా కణం రసంలో ఉంటుంది, గోడ కాస్త చిల్లుపడితే చాలు, కారుతుంది. లివర్‌లోని ఏఎస్‌టీ పనితనంలో 80 శాతం దాకా మైటోకాండ్రియాలో, అంటే లోపలి గదిలో. దెబ్బ లోతైతేనే అది బయటికొస్తుంది. అది ఒక కారణం. రెండోది, రక్తంలోకి వచ్చిన ఏఎస్‌టీని ఊడ్చేసేది లివర్ రక్తనాళాల గోడల్లోని కణాలే. నార కడితే ఆ సన్నటి నాళాల గోడల్లో జల్లెడ కన్నాలు మూసుకుపోయి, సందులో కొలాజెన్ పేరుకుంటుంది. ఊడ్చేవాళ్లు తగ్గి ఏఎస్‌టీ నిలవ ఉండిపోతుంది. మామూలు మనిషిలో ఏఎస్‌టీ సగమవడానికి 17 గంటలు, ఏఎల్‌టీకి 47 గంటలు. లెక్కప్రకారం ఏఎస్‌టీయే ముందు పోవాలి. పోకుండా కూర్చుందంటే అనుమానించాలి.

ప్లేట్‌లెట్లూ అంతే. నార వల్ల లివర్ గుండా రక్తం పారడం కష్టమై ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుంటాయి. వాటిని పుట్టించమని చెప్పే హార్మోను తయారయ్యేదీ లివర్‌లోనే.

మియాపూర్_మెట్రో
డెంగీ అనుకుని అమ్మ రోజూ బొప్పాయి ఆకు రసం తాగిస్తోంది, ప్లేట్‌లెట్లు 1.32 చూసి.

ఉప్పల్‌బావ
మన హైదరాబాద్‌ల ప్లేట్‌లెట్ తగ్గిందంటె దోమనే ముద్దాయి.

వనస్థలి_వదిన
మా మామగారి సంగతి రాయాలని ఎప్పటినుంచో. ఆయనకి లివర్ ఉందని కూడా మాకు తెలియదు, అంత బాగుండేవారు. ఎస్‌జీపీటీ 28. నిద్ర పట్టట్లేదని ఎవరో అల్ప్రజోలం రాశారు, చిన్న మాత్రే. రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటే మర్నాడు మధ్యాహ్నం అన్నం పెట్టేదాకా తూగుతూనే ఉన్నారు. మాత్ర మానేశాం. తర్వాత ఓ వారం మోషన్ అవక, మాట తడబడింది. చొక్కా గుండీలు ఒక కన్నం పైకి పెట్టుకున్నారు, నేను సరిచేస్తే మళ్లీ అలాగే పెట్టుకున్నారు. పెన్షన్ కాగితం మీద సంతకం చేయమంటే "వెంకట" దగ్గర ఆగిపోయారు, ముప్పై ఎనిమిదేళ్లు చేసిన సంతకం. ఆసుపత్రికి తీసుకెళ్తే సిరోసిస్, అమ్మోనియా తలకెక్కిందన్నారు. లాక్టులోజ్ పోశారు, రెండు రోజుల్లో సంతకం మొత్తం పెట్టారు.

ఎలుకల_కాపరి
వదినగారూ, మీరు రాసిందంతా ఎంజైముల కథే. అల్ప్రజోలంని విరగ్గొట్టేది సీవైపీ3ఏ4, సిరోసిస్‌లో దాని పని పడిపోతుంది, మాత్ర రక్తంలోనే తిరుగుతుంది. అన్నీ ఒకేలా పడిపోవు. సీవైపీ2సీ19 లాంటివి తొందరగా దెబ్బతింటాయి, సీవైపీ2ఈ1 కాస్త చివరిదాకా నిలబడుతుంది. మందుకి చక్కెర ముక్క అంటించి బయటికి పంపే ఇంకో దారి ఉంది, అదీ చాలాకాలం పనిచేస్తుంది. అందుకే ఒక నిద్రమాత్రకి తూగినవాళ్లు ఇంకోదానికి తూగకపోవచ్చు.

అమ్మోనియా సంగతి నేను పైన చెప్పిన గుమ్మం దగ్గరి కణాలది. యూరియా తయారుచేసే ఎంజైములు తగ్గుతాయి, పైగా రక్తం లివర్‌ని తప్పించుకుని పక్కదారుల్లో పోతుంది. వీటిలో ఒక్కటీ ఎస్‌జీపీటీలో కనిపించదు. ఎస్‌జీపీటీ కారేదాన్ని చెప్తుంది, మిగిలిన కణాలు పని చేస్తున్నాయా లేదా చెప్పదు. ఎల్ఎఫ్‌టీలో పని చెప్పేవి అల్బుమిన్, బిలిరుబిన్. రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్ విడిగా చేసేది ఒకటి. పేరుకేమో మొత్తానికి "లివర్ ఫంక్షన్ టెస్ట్" అని పెట్టారు.

ల్యాబ్‌కోటు_లచ్చి
ఆ పేరు పెట్టినవాళ్లు దొరికితే నాకూ చెప్పండి.

సగంబిర్యానీ
అమ్మోనియా అంటే ప్రోటీన్ మానేయాలిగా? మా పెదనాన్నకి పప్పు కూడా బంద్ చేశారు ఇంట్లో.

సగం_డాక్టర్
పాత పద్ధతి అది. ఇప్పుడు మానొద్దంటారు. అమ్మోనియాని లివర్ పట్టించుకోనప్పుడు కండలే కొంత పీల్చుకుంటాయి, అందులోనూ ఎంజైమ్ ఉంది, గ్లుటమైన్ సింథటేజ్. పప్పు ఆపేసి కండ కరిగించుకుంటే ఉన్న తోడూ పోతుంది. వాళ్ల డాక్టర్ని అడిగి పప్పు మొదలుపెట్టించండి. రాత్రి పడుకునేముందు ఏదో ఒకటి తినమంటాం కూడా.

మియాపూర్_మెట్రో
ఇప్పుడు నాన్నకి ఏం మిగిలుంది? నిజం చెప్పండి.

సగం_డాక్టర్
చాలా మిగిలుంది. నార వెనక్కి పోదని నేను చదివేటప్పుడు కూడా కొందరు చెప్పేవారు. పోతుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి టెనోఫోవిర్ అనే వైరస్ మందు ఇచ్చి అయిదేళ్ల తర్వాత లివర్ ముక్క తీసి చూస్తే, సిరోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి సిరోసిస్ లేదు. 2013లో వచ్చింది. నేయించేవాడిని ఆపితే ఎలుకల కాపరి గారి కత్తెరలు మళ్లీ తెరుచుకుంటాయి. మీ నాన్నగారికి నేయించేవి కొవ్వు, షుగర్. బరువు 10 శాతం తగ్గినవాళ్లలో 45 శాతం మందికి నార ఒక మెట్టయినా దిగిందని 2015 అధ్యయనం. తగ్గడం కష్టం, అది వేరే సంగతి. మందులూ వస్తున్నాయి. అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరామ్‌కి, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌కి ఈ జబ్బు కోసం అనుమతి ఇచ్చారు. అయితే సిరోసిస్ రాకముందు వాళ్లకి. అందుకే 13.8 నిజమా కాదా తేల్చుకోవాలి. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లి మళ్లీ చేయించండి. తిన్నాక లివర్‌కి రక్తం ఎక్కువ పారి అంకె పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపున్నాయి కాబట్టి ఎండోస్కోపీ రాస్తారు, భయపడకండి, అన్నవాహికలో సిరలు ఉబ్బాయేమో చూడటానికి.

నైట్‌షిఫ్ట్_నవీన్
అంటే మొదట్లో నేనన్నట్టు మెషీన్‌లో తప్పుంది.

ఉప్పల్‌బావ
మెషీన్ల గాదు, వడల.

మియాపూర్_మెట్రో
మూడు వారాలకి వచ్చాను, క్షమించండి. ఖాళీ కడుపుతో మళ్లీ చేశారు: 11.9. డాక్టరుగారు ఇంకా నార ముదిరే ఉందన్నారు, కానీ మొహం కొంచెం తేలికపడింది. ఎండోస్కోపీలో సిరలేమీ ఉబ్బలేదు. షుగర్ మందు మార్చారు. జ్వరానికి పారాసిటమాల్ రోజుకి రెండు గ్రాములు దాటొద్దని, నొప్పి మాత్రలు కొని వేసుకోవద్దని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. నాలుగేళ్ల కిందటి రిపోర్టు చూపిస్తే ఏమీ అనలేదు, ఫిబ్-4 పెన్నుతో పక్కనే వేసి సున్నా చుట్టారు. అమ్మ బొప్పాయి ఆకు ఆపింది, ఎస్‌జీపీటీ రిపోర్టు దేవుడి దగ్గర నుంచి తీసేసింది.

వనస్థలి_వదిన
నాన్నగారు ఎలా ఉన్నారు, మనసులో?

మియాపూర్_మెట్రో
మొదటి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఆ లెక్క తనకీ నేర్పమన్నారు. రిటైర్డ్ లెక్కల మాస్టారు, వర్గమూలం చేత్తోనే తీస్తారు. ఇప్పుడు రెండు కిలోలు తగ్గారు, పొద్దున్నే పార్కులో వాకింగ్ బ్యాచ్ మొత్తాన్నీ రిపోర్టులు తెమ్మంటున్నారు. నిన్న ఒకాయనకి తనంతట తానే వేసుకుంటే 137 వచ్చిందట, బెంచీ మీద కూలబడ్డారు. నాన్న కాగితం తీసుకుని చూస్తే ప్లేట్‌లెట్లు 2.4 అని ఉంది.

నైట్‌షిఫ్ట్_నవీన్
ఆయన మా ఆఫీసులో పనిచేసేవాడై ఉంటాడు.